వీధి కుళాయి మీద నేను గెలిచిన వాదన

నీళ్లకు ధర కట్టడం తప్పని నేను ఇప్పటికీ అనను. వాన ఉచితంగా పడుతుంది గాని పైపు ఉచితంగా రాదు. దాన్ని కొనాలి, మట్టి తవ్వి పాతాలి, మోటారు తిప్పాలి, కాలిపోతే బాగుచేయించాలి. అంత డబ్బు ఏ ఊరి దగ్గరా ఒక్కసారిగా ఉండదు. అందుకని అప్పు తెస్తారు, ఏళ్ల తరబడి బిల్లుల్లోంచి తీరుస్తారు. ఇంతవరకూ మోసం లేదు. ఆ అప్పు ఎవరి వల్ల అవసరమైంది, ఎవరి చేత కట్టిస్తున్నారు అని అడిగితే అప్పుడు బయటపడుతుంది మోసం. అడగాల్సిన రోజున నేను ఆ సభలోనే ఉన్నాను. నేను అడగలేదు సరికదా, నోరు తెరిచిన ఒక్క మనిషినీ కూర్చోబెట్టాను.

మాది బస్తర్‌లో ఇనుప రాయి మోసే రైలు దారి పక్కన ఒక చిన్న పట్టణం. గనులు తెరిచిన కొత్తలో మా నాన్న విజయనగరం వైపు నుంచి రైలు పనికి వచ్చాడు. నేను అక్కడే పెరిగి అక్కడే బడి పంతులునయ్యాను. మా వీధిలో పట్టాల పని చేసే తెలుగువాళ్లు, అక్కడి హల్బీ భాష మాట్లాడేవాళ్లు, గోండులు కలిసి ఉండేవాళ్లు. అందరికీ ఒకటే వీధి కుళాయి. తెల్లారేసరికి బిందెలు వరస కట్టేవి. హిందీతో కలిపి నాలుగు భాషల్లో తిట్లు నేను అక్కడే నేర్చుకున్నాను.

ఊరికి ఒక వాగు ఉండేది. కొండ మీద గనివాళ్లు ఇనుప రాయి కడిగిన నీళ్లు దాంట్లోకి దిగి దిగి అది ఎర్రబడింది. తెల్లబట్ట ముంచితే ఇటుక రంగు తేలేది. గొడ్లు కూడా మూతి పెట్టి వెనక్కి తీసేవి. అందుకని నగరపాలిక దూరపు నది నుంచి నీళ్లు తేవాలని పథకం వేసి అప్పుకు వెళ్లింది. అప్పిచ్చేవాళ్లు షరతులు పెట్టారు. ఇంటింటికీ కుళాయి ఇవ్వాలి, నెలనెలా బిల్లు వసూలు చెయ్యాలి, వీధి కుళాయిలు తీసెయ్యాలి. పక్కనే ఊరికే దొరుకుతుంటే డబ్బిచ్చి ఎవరు తీసుకుంటారన్నది వాళ్ల లెక్క.

ఇది చెప్పడానికి నగరపాలిక ఇంజనీరు మా వీధికి వచ్చాడు. ఆయనకు హిందీ తప్ప రాదు. మా ఆడవాళ్లు సంతలో హిందీ మాట్లాడతారు గాని ఆఫీసు హిందీ వాళ్లకు అందదు. మధ్యలో నిలబడి తెలుగులో చెప్పే పని నాకు అప్పగించారు. నేను ఉబ్బిపోయాను. చిన్నప్పటి నుంచి సంస్కరణ సభల్లో మాట్లాడినవాణ్ణి. ముహూర్తాలనూ చేతబడి భయాలనూ చీల్చి చెండాడినవాణ్ణి. ఎదుటివాళ్ల మాటలో బలహీనమైన చోటు వెతికి అక్కడ కొట్టడం నాకు అలవాటైపోయింది. ఎదుటివాళ్లు ఎవరన్నది చూసుకోవడం మాత్రం అలవాటు కాలేదు.

ఇడ్లీ బండి నడుపుకునే ఒక పెద్దావిడ లేచింది. భర్త పట్టాల పనిలో ఉండగానే చనిపోయాడు. వీధంతా ఆమెను అత్త అని పిలిచేది, నేనూ అలాగే పిలిచేవాణ్ణి.

"నీల్లొచ్చిన నెలకి కడతాం మేష్టారూ, కట్టనని నాను అనను. రాని నెలకి కట్టక్కర్నేదని కాయితం మీద రాస్తారేటో, ఆ బాబుని అడగండి."

నేను అడగలేదు. జవాబు నేనే చెప్పేశాను.

"రైలెక్కే ముందు బండి టయానికి వస్తాదని గార్డు చేత రాయించుకుంటావేటి అత్తా?"

రైలు పనివాళ్ల వీధి కదా, అందరూ విరగబడి నవ్వారు. ఆమె చుట్టూ ఒకసారి చూసి కూర్చుంది. ఆవిడ ఏమంటోందని ఇంజనీరు నన్ను అడిగాడు. ఏమీ లేదు సార్, అర్థమైందట అని హిందీలో చెప్పాను. ఆయన రాసుకున్నాడు. తర్వాత సంతకాలు, వేలిముద్రలు.

అర్థం చెప్పకుండా మంత్రం చదివి జనాన్ని లొంగదీస్తారని పూజారుల మీద ఎన్ని సభల్లో అరిచానో లెక్కలేదు. ఆ రోజు నేను చేసింది అదే పని. ఇంకా నయం, పూజారికి తన మంత్రం మీద నమ్మకమన్నా ఉంటుంది. నాకున్నది నా నోటి మీద మురిపెం.

వారం తిరక్కుండా వీధి కుళాయిని రంపంతో కోసి, మూత బిగించి, పైన సిమెంటు పూశారు. వానాకాలం, చలికాలం ఇళ్లలో నీళ్లు బాగానే వచ్చాయి. నేను మీసం మెలేశాను. ఎండలు ముదిరేసరికి పైపు చివర ఉన్న మా వీధికి చుక్క రాలేదు. బిల్లు మాత్రం వచ్చింది. అత్త సైకిలు మీద డబ్బాలు మోసే మనిషి దగ్గర నీళ్లు కొని పప్పు నానబోసేది. అతనికీ కట్టింది, కొన్ని నెలలు నగరపాలికకూ కట్టింది, తర్వాత మానేసింది.

నేను ఆఫీసుకు వెళ్లి గుమాస్తాను నిలదీశాను. చెడ్డవాడేమీ కాదు, కుర్చీ వేసి ఓపిగ్గా చెప్పాడు. బిల్లు నీళ్లకు కాదట, కనెక్షన్‌కట. ట్యాంకు నిండినా నిండకపోయినా అప్పు కిస్తీ ముందు వెళ్లిపోవాలి. మిగిలినదాంతోనే మోటారు బాగుచెయ్యాలి. ఏమీ మిగలదు కాబట్టి బాగుపడదు. నీళ్లు రాక కొందరు కట్టడం మానేస్తే కట్టేవాళ్ల మీద రేటు పెంచుతారు. మరి కొండ మీది గనివాళ్ల టౌన్‌షిప్పు, రాయి కడిగే యంత్రాలు ఈ అప్పులో ఎంత మోస్తున్నాయి అని అడిగాను. అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"వాళ్లు మన వినియోగదారులు కాదు కదా మాస్టర్‌జీ. వాళ్ల నీళ్లు వాళ్లే తోడుకుంటారు."

వాగును పాడుచేసినవాడు వినియోగదారుడు కాదు. పాడైన వాగు పక్కన బతికే మనిషి వినియోగదారుడు. ముంచినవాడి పేరు ఏ పద్దులోనూ ఉండదు, మునిగినవాడి పేరున నెలనెలా బిల్లు వస్తుంది. దీన్ని ఆర్థిక క్రమశిక్షణ అన్నారు. జాతకాలు రాసేవాడు కూడా ఇంత నిబ్బరంగా అబద్ధాన్ని లెక్కలాగా చూపించలేడు.

ఆ ఏడాది బండి పెట్టుకునే అనుమతి మళ్లీ రాయించుకోవడానికి అత్త వెళితే, నీళ్ల బకాయి కట్టేదాకా ఇవ్వం అన్నారు. ఆమె బతుకంతా ఆ కాగితం మీదే ఉంది. బండి రోడ్డు మీద కనిపిస్తే ఎత్తుకుపోతారు. బకాయి మీద విచారణకు రమ్మన్న నోటీసు పట్టుకుని మా ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చుంది.

"ఈసారన్నా నా మాట ఆ బాబు కాడికి ఎల్తాదా మేష్టారూ, మల్లీ మీ కాడే ఆగిపోద్దా?"

ఆమెకు అంతా తెలుసు. ఆఫీసు హిందీ రాకపోయినా, ఇంజనీరు అడిగినదానికి నేను రెండు ముక్కల్లో ముగించడం ఆ రోజే చూసింది.

విచారణ రోజున ఇద్దరం వెళ్లాం. వీధివాళ్లు కొందరు వెనక నిలబడ్డారు. అదే ఇంజనీరు. ఆ రోజు ఆమె అడిగింది ఇది, నేను మీకు చెప్పలేదు, తప్పు నాది అని హిందీలో చెప్పి, వెనక్కి తిరిగి తెలుగులోనూ చెప్పాను. ఆయన కోప్పడలేదు. పాత ఫైలు తెప్పించి కాగితాలు తిప్పాడు. సంత వీధివాళ్లూ ఇదే అడిగారట. నీళ్లు రాని నెలకు సగం బిల్లు అని వాళ్ల ఒప్పందంలో రాశారట. మా వీధి కాగితంలో, అభ్యంతరాలు లేవు అని ఉంది. ఒప్పందాలన్నీ అప్పిచ్చినవాళ్ల దగ్గరకు వెళ్లిపోయాయి, ఇక మార్చడం తన చేతిలో లేదన్నాడు.

ఒక్క ముక్క దాచకుండా అంతా అత్తకు చెప్పాను.

"అయితే ఆ రోజు నవ్విన నవ్వు కరీదు సగం బిల్లన్నమాట," అంది.

వెనక ఎవరూ నవ్వలేదు. బకాయి నేను కడతానన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "మీరు కట్టేస్తే మీకు తీరిపోద్ది మేష్టారూ. మా ఈదికి తీరదు కదా."

నెల లోపల ఆమె తన పిండి రుబ్బే గ్రైండరు అమ్మి బకాయి కట్టింది. బండి పెట్టుకోవచ్చని ముద్ర వేసిన కాగితం వచ్చింది. పిండి రుబ్బడానికి గ్రైండరు లేదు. స్టేషను దగ్గరి హోటల్లో గిన్నెలు కడిగే పనికి కుదిరింది.