ముందు గదిలో ఇంజిన్ బ్లాక్

లాక్‌డౌన్ మొదలయ్యే ముందురోజు మెకానిక్ నా కారు ఇంజిన్ బ్లాక్‌ను టెంపోలో తెచ్చి మా గడపలో దించేశాడు. అతను సొంతూరికి వెళ్లిపోతున్నాడు. "గ్యారేజీకి తాళం పడితే ఎప్పుడు తీస్తానో తెలీదు, నీ సామాను నీ దగ్గరే ఉండనీ" అన్నాడు. అలా ఆ ఇనుప దిమ్మె మా ముందు గదిలోకి చేరింది.

సూరత్‌లో భేస్తాన్ దగ్గర రెండు గదుల ఇల్లు మాది. నేనూ అమ్మా ఉంటాం. మా ఊరు వదిలి ఇక్కడికొచ్చి మగ్గాల మీద పని చేసిన నాన్న పోయి చాలా కాలమైంది. అమ్మ ఇంట్లోనే కూర్చుని చీరలకు రాళ్లు అతికించేది. నేను హజీరాలో ఒక ఫ్యాక్టరీలో తయారైన భాగాల కొలతలు తనిఖీ చేసేదాన్ని. ఆ నెల నాకు కంపెనీ బస్సు రాలేదు, అమ్మకు చీరలు రాలేదు. వీధిలో మగ్గాల చప్పుడు ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక అంత నిశ్శబ్దం నేను వినలేదు.

కారు పాతది. నాలుగు తలుపులున్నా పరుగు కోసమే చేసిన రకం. ఆయిల్ తాగి నీలం పొగ వదులుతోందని ఇంజిన్ విప్పించాను. విప్పాక, ఉన్నది ఉన్నట్టు బిగించడం నాకు ఇష్టం లేకపోయింది. అదే కంపెనీ అదే ఇంజిన్‌ను కాస్త పెద్దది చేసి ఇంకో కారులో పెట్టింది. దాని క్రాంక్‌షాఫ్ట్, అంటే పిస్టన్లను కిందికీ పైకీ ఆడించే ఇరుసు, నా బ్లాక్‌లోనూ కూర్చుంటుంది. ఆ క్రాంక్‌తో పిస్టన్ మరింత కిందికి దిగుతుంది, మరింత పైకి వస్తుంది. ఆ దూరాన్నే స్ట్రోక్ అంటారు. అది పెరిగితే ఇంజిన్ ఎక్కువ గాలి పీలుస్తుంది, బలం పెరుగుతుంది. లాక్‌డౌన్‌కు ముందే పాత కార్లు విప్పే యార్డులో అలాంటి క్రాంక్ ఒకటి వెతికి తెచ్చి మంచం కింద దాచాను.

అమ్మ చూసింది.

"ఏందే ఇది? లోకమంత మూతికి గుడ్డ కట్టుకొని బియ్యం కోసం లైన్ల నిలవడ్డది. నీకు ఈ ఇనుమును పెద్దగ చేసుడు కావాల్నా?"

"కావాలె."

"ఎందుకే?"

"బయటికి పోవద్దన్నరు, పోతలేను. ఆలోచన గూడ చెయ్యద్దని ఎవ్వలనలే గదా."

పాత పిస్టన్ ఒకదానికి రింగులు తీసి, కొత్త క్రాంక్‌కు తగిలించి, బ్లాక్‌లో పెట్టి చేత్తో తిప్పాను. పిస్టన్ బ్లాక్ అంచు దాటి పైకి వచ్చింది. అది ఊహించిందే, దానికి తగ్గ పొట్టి పిస్టన్లు చేయించాలి. ఊహించనిది కింద జరిగింది. పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ బోల్టు సిలిండర్ అడుగు అంచుకు కొట్టుకుని ఆగిపోయింది. అక్కడ కొంత ఇనుము అరగదీయాలి. కానీ ఆ సిలిండర్ గోడ వెనకే ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లు పారే దారి ఉంది. కాస్త ఎక్కువ అరిగితే బ్లాక్ చిల్లుపడి పనికిరాకుండా పోతుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే సిరిసిల్ల వైపు నుంచి నాకో సంబంధం వచ్చింది. వీడియో కాల్‌లో పెళ్లిచూపులు. అమ్మ బ్లాక్ మీద దుప్పటి కప్పి, "చేతులు కనబడనియ్యకు" అని హెచ్చరించింది. నా గోళ్ల సందుల్లో గ్రీజు ఉంది. మాటల మధ్యలో ఫ్యాను గాలికి దుప్పటి జారింది.

"ఎనుక ఆ ఇనుపదేంది బిడ్డా?" అడిగింది అబ్బాయి తల్లి.

చెప్పాను. ఆవిడ కొడుకు వంక చూసి, "ఇప్పుడంటే సరే. పెండ్లయినంక గిసొంటివి నడువయి" అంది.

"నడుస్తయమ్మా. నేను ఏడికి పోతే అది ఆడికి వస్తది."

అబ్బాయి తల దించుకున్నాడు. కాసేపటికి వాళ్లే కాల్ కట్ చేశారు. అమ్మ దుప్పటిని బాల్చీలో వేసి గట్టిగా ఉతకడం మొదలుపెట్టింది.

"నోరు జర ఆపుకోరాదే?" అంది. మళ్లీ తనే, "దాచిపెట్టి పోతే ఆడ ఎన్నొద్దులు ఉంటవ్? పోనీ" అంది.

దుకాణాలు తెరిచాక బ్లాక్‌ను ఉధ్నాలో ఒక లేత్ షాపుకు తీసుకెళ్లాను. యజమాని గుజరాతీ పెద్దాయన. అందరూ కాకా అంటారు. బండి ఎవరిదని అడిగి, మీ అన్ననో నాన్ననో పంపు, వాళ్లతో మాట్లాడతానన్నాడు.

"గాడీ మేరీ హై కాకా. బాత్ ముఝ్‌సే కరో." బండి నాదే, నాతోనే మాట్లాడమన్నాను.

నేను గీసిన కొలతలు చూశాడు. బ్లాక్ పగిలితే చెడ్డపేరు తనకొస్తుందని, గ్రైండర్ పట్టనని ఖరాఖండిగా చెప్పేశాడు.

"అయితే నేనే చేస్తాను. మీ బల్ల, గ్రైండర్ ఇవ్వండి చాలు."

కాకా చేతులు కట్టుకుని నా వెనకే నిలబడ్డాడు. మాస్కులోంచి వచ్చే ఊపిరికి నా కళ్లజోడు మసకబారేది. ఆగి తుడుచుకుని, కొంచెం అరగదీసి, క్రాంక్ తిప్పి చూసి, మళ్లీ అరగదీసేదాన్ని. చివరికి క్రాంక్ ఎక్కడా తగలకుండా తిరిగింది. ఎక్కడైనా చిల్లు పడిందేమో చూడటానికి బ్లాక్ నీళ్ల దారులన్నీ మూసి, లోపల గాలి నింపి, నీళ్లలో ముంచాం. ఒక బుడగ పైకి తేలింది. కాకా వంగి చూసి, అది మూత పక్కనుంచి వస్తోందని చూపించాడు. బోల్టులు బిగించాం. ఇక బుడగలు రాలేదు.

"చాల్‌శే" అన్నాడు కాకా. పనికొస్తుందని.

డబ్బు కూడబెట్టుకుని కొన్ని నెలల తర్వాత పొట్టి పిస్టన్లకు ఆర్డర్ ఇచ్చాను. అవి వచ్చేలోగా కరోనా రెండో వేవ్ వచ్చింది. ఇద్దరం జబ్బు పడ్డాం. నాకు తగ్గింది కానీ అమ్మను దగ్గు వదల్లేదు. ఆ ఇనుము తుక్కుకు వేసి ఊరికి వచ్చెయ్యమని మేనమామ ఫోన్ చేశాడు. అమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"ఇంజిన్ ముందరింట్ల ఉన్నది రా తమ్మీ. అది లేవకుంట మేమెక్కడికి రాం" అని దగ్గుతూనే చెప్పింది.

అప్పటిదాకా ఆమె దాన్ని ఇంజిన్ అని పిలవలేదు. ఇనుము అనే అనేది.

వానలు తగ్గేసరికి అమ్మ దగ్గు తగ్గింది, పిస్టన్లూ వచ్చాయి; గ్యారేజీ నుంచి కారును ఇంటికి తెప్పించి, తిరిగొచ్చిన మెకానిక్‌తో కలిసి ఇంజిన్ బిగించాను. ఆర్టీవోలో మార్పు రాయించాకే రోడ్డు ఎక్కాలి. అందుకే ఇంటి ముందే స్టార్ట్ చేశాను. ఒకసారి దగ్గి, రెండోసారి అందుకుంది. నిదానంగా కాదు, సందంతా అదిరేలా. పక్కింటాయన బయటికొచ్చి ఆపమని అరవసాగాడు. కానీ కొత్తగా బిగించిన ఇంజిన్ మొదటిసారి కొంతసేపు ఆపకుండా తిరగాలి, లేదంటే లోపలి భాగాలు పాడవుతాయి.

అమ్మ వాకిట్లోకి దిగి ఆయనకు ఎదురు నిలబడింది. ఆ చప్పుడులో ఆమె మాటలు నాకు వినపడలేదు. చెయ్యి ఊపే తీరు చూస్తే అవి బతిమాలే మాటలు కావని మాత్రం తెలిసింది. నేను యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యలేదు.