డాక్టరు రాయని కోడికూర

మగ్గం గుంటలో రెండు కాళ్లూ పెట్టి చెబుతున్నాను: ఇందులో ఒక్క మాట అబద్ధమున్నా పోగు మోసే నా నాడె నాకే ఎదురు తిరగాలి.

మాది గద్వాల. పంతొమ్మిదేళ్లప్పుడు మగ్గం కింది నుంచి ఎవడో నన్ను తిట్టడం మొదలుపెట్టాడు. వాడి గొంతు నా ఒక్కడికే వినబడేది. పోగు తప్పింది, నీ బతుకే తప్పింది అని పొద్దస్తమానం అదే పాట. నేను అన్నం మానేశాను. అమ్మ నన్ను వనపర్తిలో నెలకొక శనివారం కూర్చునే మనసు డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. మాత్రలు పడ్డాయి. నెల తిరిగేసరికి కిందివాడి నోరు మూతబడింది.

దానితోపాటు నా వేళ్లూ బిగుసుకుపోయాయి. మా చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ కలిసే చోట పోగుకు పోగు చేత్తో మెలి వెయ్యాలి. కట్టెపుల్లల్లాంటి వేళ్లతో ఏం వేస్తాను? నాయన అంచు దగ్గర నా చోట చిన్నాయనను కూర్చోబెట్టాడు. డాక్టరేమో ప్రతిసారీ, “మాటలు వినబడుతున్నాయా? నిద్ర పడుతోందా?” అని రెండే అడిగి, రాసి, తరువాతివాణ్ని పిలిచేవాడు.

అప్పటికి ఒంటరిగానే పోయి వస్తున్నాను. ఒక శనివారం బస్సు కృష్ణ దాటుతుంటే మాత్రలన్నీ కిటికీలోంచి విసిరేశాను. ఆ ఏడాది వంతెన కింద చేపలు వలలో పడ్డా గింజుకోలేదు, గురక పెట్టాయి. నేను వనపర్తి దాకా పోకుండా దారిలో పెబ్బేరులోనే దిగి, సంతలో ఎడ్ల బేరాలు చూస్తూ కూర్చుని, సాయంత్రం బస్సుకు ఇల్లు చేరాను.

“ఏమన్నడురా డాక్టరు?” అంది అమ్మ.

“నీళ్లు మోయొద్దన్నడు. వారానికి రెండుసార్లు కోడికూర తినమన్నడు.”

“ఎంత మంచి డాక్టరురా!”

తరువాతి నెల ఆయన గుడ్లు చేర్చాడు. ఆపై నెల, చెల్లెలు నాకు ఎదురు చెప్పకూడదన్నాడు.

నాలుగో నెల కిందివాడు మళ్లీ నోరు తెరిచాడు. రెండు రోజులు నేను గది తలుపు తియ్యలేదు. “ఈపారి నేనొస్త” అని అమ్మ నాతో బస్సెక్కింది.

డాక్టరును చూడగానే చేతులు జోడించింది. “మీరు చెప్పినట్లే కోడికూర పెడుతున్న సారూ. అయినా పిల్లగానికి మళ్ల వచ్చింది.”

డాక్టరు నా వంక చూశాడు. “అవునమ్మా, నేనే చెప్పాను” అన్నాడు. తరువాత నాతో, “మాత్రలు ఎందుకు మానేశావు?”

“వేళ్లు కట్టెలైనయి సార్. అంచు కలుపనీకి రాకపాయె.”

“నాకు చెప్పలేదే?”

“మీరు అడుగలే.”

ఆయన కలం కింద పెట్టాడు. అమ్మ కొంగు చివర రెండు పోగులు పీకించి నాతో మెలి వేయించాడు. మాత్ర సగానికి తగ్గించి, వేళ్ల బిగువుకు ఇంకో చిన్నది రాశాడు. “వచ్చినప్పుడల్లా రెండు పోగులు తెచ్చుకో. ముందు నీ వేళ్లు చూస్తా, ఆ తరువాతే నా ప్రశ్నలు.”

మళ్లీ నేను పెబ్బేరులో దిగలేదు. జేబులో ఎర్ర పోగొకటి, తెల్ల పోగొకటి. కిందివాడు కొన్నాళ్లు గొణిగి గొణిగి ఊరుకున్నాడు. ఒక పొద్దున నాయన చిన్నాయనతో, “జర జరుగు, వాడు కూసుంటడు” అన్నాడు. ఎన్నాళ్ల బరువో ఒక్కసారిగా దిగి, ఆ రోజు నాలుగు అంగుళాలు ఎక్కువే నేశాను.

ఇక ప్రమాణం చేశాను కనుక ఒప్పుకోవాలి. అబద్ధం చేపల దగ్గరుందనుకుంటున్నారు కదూ? కాదు. ఆ గదిలో అమ్మ చేతులు జోడించనూ లేదు, డాక్టరు నన్ను కాయనూ లేదు. మేం కూర్చోగానే ఆయన, “ఈ అబ్బాయి ముఖం చూసి నాలుగు నెలలైందమ్మా” అన్నాడు. నేను నేలలోకి కుంగిపోతుంటే అమ్మ నింపాదిగా అంది:

“తెల్సు సారూ. సంతల కూసున్నడని వీని చిన్నాయన మొదటి నెలనే చెప్పిండు. అయినా కోడికూర తినమని డాక్టరు రాస్తడా? నిలదీస్తే ఇంటికి వచ్చుడు గూడ బంద్ చేస్తడని, కోడిని కోసిన.”