దిగుడుబావికి గోడ

మా ఊళ్లో అందరం మునసబుగారి దిగుడుబావిలోకి దిగి, మోకాలిలోతున నిలబడి నీళ్లు ముంచుకునేవాళ్లం. కాలిలోంచి దారంలాంటి పురుగు బయటికొచ్చే నారికురుపు ఉన్నవాళ్ల కాళ్లు తడిసిన నీళ్లు తాగితే ఆ పురుగు మనకూ పడుతుందని, మెట్లు మూసి గిలక పెడితే ఆగుతుందని ఉదయగిరి గ్రంథాలయంలో చదివాను. అప్పటికే ఆ పురుగు మా అమ్మను కుంటిదాన్ని చేసింది. వెళ్లి మునసబుకు చెప్పాను.

"ఏందిరా, మా తాత కట్టించిన మెట్లు నీ పుస్తకం మూయిస్తాదా? ముందు మీ అమ్మను కాళ్లు కడుక్కోమను పో," అని పదిమందిలో నవ్వాడు.

మరుసటి ఎండాకాలం ఆయన మడమలోనే పురుగు తల బయటపెట్టింది. దాన్ని పుల్లకు చుట్టి, తెగకుండా రోజుకు కాస్త లాగాలి; తెగితే లోపలే కుళ్లి కాలు చెడుతుంది. అమ్మ కాలిమీద నేర్చుకున్న ఆ పని ఊళ్లో నాకే బాగా వచ్చు. కబురంపితే వెళ్లి అరుగుమీద కూర్చున్నాను.

"చూస్తా కూర్చున్నావేందిరా, తియ్యి."

"మెట్లకు అడ్డంగా గోడ లేపించండయ్యా, తీస్తాను. అందాకా పురుగు యాడికీ పోదులే."

గోడ లేచేదాకా ఆయన మూలుగు వింటూ అక్కడే కూర్చున్నాను. జాలి కలగలేదు. ఆ తరువాత తీయడం మొదలుపెట్టాను గానీ, ఆయన కేక పెట్టినప్పుడల్లా ఈ రోజుకు చాలని లేచి వచ్చేవాణ్ణి. పురుగు తెగకూడదు కదా.