షోకేసులో చావి రైలు

విద్యాసాగర్ గారింట్లో చావి తిప్పితే ఉరికే బొమ్మ రైలును మనుమరాలు సంజన ఇరగ్గొట్టిందని చిక్కడపల్లిలో మా గల్లీ అంతా ఒకటే ముచ్చట. తప్పు. ఆ పిల్ల దాన్ని ముట్టనన్న ముట్టలేదు. ఆ మాట పుట్టించింది ఇంకెవరో కాదు, ఆ ఇంటి పెద్దాయనే.

ఆ రేకు రైలు ఆయన చిన్నప్పుడు వాళ్ల నాయన నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో కొనిచ్చింది. కొనిచ్చుడంటే చేతికిచ్చుడు కాదు. తెచ్చిన రోజే షోకేసులో పెట్టి తాళమేసిండు. ఇంటికొచ్చినోళ్లు చూసి మెచ్చుకోవాలె, అంతే. ఆయన పెద్దయినంక తన కొడుకు అభిజిత్‌కూ అదే కట్టడి. ఒకసారి అద్దం జరిపినందుకు వీపు మీద ఒక్కటిచ్చిండు గూడ.

మొన్న ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నం, దుమ్ము తుడుద్దామని విద్యాసాగర్ షోకేసు తెరిచిండు. రైలు చేతిలోకొచ్చింది. చావి తిప్పిండు. గచ్చు మీద అది గిరగిర తిరుగుతుంటే లుంగీ ఎగ్గట్టి, మోకాళ్ల మీద దాని వెంట పాకిండు. నోటితో కూత గూడ పెట్టిండు. మల్లొకసారి, ఇంకొకసారి... ఆశ కొద్దీ గట్టిగ తిప్పేసరికి లోపల టక్కుమన్నది.

సంచిలో ఏసుకొని నారాయణగూడలో గడియారాలు బాగుచేసే కనకయ్య దగ్గరికి పోయిండు.

"స్ప్రింగు తెగింది సార్. మనుమరాలు తిప్పిందా ఏంది?"

అరవై దాటిన మనిషి, ఏమని చెప్తడు? "ఆఁ" అన్నడు.

కనకయ్య ఉండేది గూడ మా గల్లీలోనే. ఇంకేముంది! కోడలు నవత బిడ్డను చెంప మీద కొట్టింది. పక్కింటి ఎల్లవ్వ అయితే, "ఏమే రైలుపిల్లా, మా ఇంట్ల ఏదీ ముట్టకు తల్లీ!" అని ఎక్కిరించింది. అప్పటినుంచి సంజన షోకేసు ముంగట నడిస్తే చేతులు రెండూ ఎనకకు కట్టుకుంటున్నది. అది చూసినంక విద్యాసాగర్‌కు అన్నం సయించలేదు. లైబ్రరీకి పోయి పేపరు తెరిచినా అక్షరం ఎక్కలేదు. తుడుస్తుంటే ఇరిగిందని చెప్తే సరిపోతది కదా అని, మాట తయారుగ పెట్టుకున్నడు. కానీ రోజూ రేపు చెప్తననుకున్నడు.

ఆదివారం అందరూ అన్నాలు తింటున్నరు. సంజన అడగనే అడిగింది.

"తాతా, నేను ముట్టలేదు. మరి ఎవరు ఇరగ్గొట్టిన్రు?"

అభిజిత్ తలెత్తి తండ్రి దిక్కు చూసిండు. విద్యాసాగర్ చేతిల ముద్దను కంచంల పెట్టిండు.

"నేనే బిడ్డా," అన్నడు కంచంలకు చూసుకుంట. "ఆడుకుంటుంటే ఇరిగింది."