మా చెల్లె, ఎండాకు సీతాకోక

ఖానాపురం హవేలిలో మా గల్లీ చివర ఊడ్చిన ఆకులకు పొద్దున్నే ఎవరన్న అంటుపెట్టిండ్రంటే చాలు, ఆ పొగకు నాకు ఏడుపు ఆగదు. మా ఆయన కిటికీలు మూసుకుంట, ఎన్నడో అయిన ముచ్చట పట్టుకుని ఇంకా ఏడుస్తవేందని కసురుకుంటడు. ఏం చెయ్యను, ఆ పొగల మా చెల్లె ఉన్నది.

చర్ల పక్క అడవి అంచున మాది నాలుగిండ్ల పల్లె. ఫాల్గుణం వస్తే మోదుగులు ఎర్రగ పూసేటియి, ఇప్పపూల తియ్యటి పులిసిన వాసన ఇంట్లదాక వచ్చేది, నానమ్మ ఆ పూలు ఎండబెట్టి, దోరగ వేయించి, నువ్వులేసి దంచి ఉండలు చేస్తే మేం వేళ్లు నాక్కుంట చెట్ల కింద తొక్కుడుబిళ్ల ఆడేటోళ్లం. కుళ్లిన పూల మీదికి ఎండాకు సీతాకోక వచ్చేది. రెక్కలు మూసిందంటే అచ్చం ఎండుటాకే, నడుమ ఈనె, చివర తొడిమె, పురుగు తిన్న మచ్చలు గూడ. విప్పిందంటే మాత్రం నీలం మీద నారింజ పట్టె, పెండ్లిచీర అంచు లెక్క. దాన్ని చూడాలంటే ఊపిరి బిగబట్టి కూసోవాలె. ఐదేండ్ల మా చెల్లె లచ్చికి అదే పిచ్చి, అన్నం గూడ వద్దనేది.

ఇప్పపూలు ఏరేటోళ్లు ముందుగాల చెట్టు కింది ఎండాకుకు నిప్పు పెడతరు, నేల నల్లగైతే రాలిన పాలరంగు పూలు జల్దీ కనపడతయని. ఏటేటా పెట్టే నిప్పే. ఆ దినం అమ్మ అంటుపెట్టంగనే సుడిగాలి లేసి, మంట వెదురుపొదల దిక్కు ఉరికింది. అప్పుడు చూసుకున్నం, లచ్చి లేదు.

అమ్మ గొంతు చించుకుని పిలిచింది. నాయిన పచ్చికొమ్మతోటి మంటను బాదుకుంట పిలిచిండు, నేను పిలిచిన. పలుకు లేదు. నానమ్మ ఉన్నచోటనే కూలబడి తల బాదుకున్నది.

"అది పలకదే. అడవిల పేరు పెట్టి పిలిస్తే దయ్యమే, పలకొద్దని నేనే చెప్పిన."

మా దిక్కు పెద్దోళ్లు పిల్లలందరికీ చెప్పే మాటే అది, ఆ గొంతు వెంట అడవి లోపలికి పోకుండ ఉంటరని. లచ్చికేమో మట్టి పడ్డా తెలువదని అమ్మ కుట్టిచ్చిన గోధుమరంగు గౌను, చుట్టూ మోకాలెత్తు ఎండాకు, పైన పొగ. మా కండ్లు దాని మీదికెల్లి ఎన్నిసార్లు పోయినయో దేవునికే తెల్వాలె.

ఆఖరికి నాయిన కాలికి తగిలింది. మంట దానిదాక రానేలేదు, ఒంటి మీద ఒక్క బొబ్బ లేదు, పొగ మింగింది. ఎడ్లబండిల ఏసుకుని భద్రాచలం దవాఖానాకు బయలెల్లినం. దారి పొడుగూత అమ్మ దాని చెవిల నోరుపెట్టి, "లచ్చీ, నేనే బిడ్డా, అమ్మనే, పలుకు" అనుకుంటనే ఉన్నది. దుమ్ముగూడెం దాటినంక దాని ఒళ్లు సల్లబడ్డది. అమ్మ పిలుసుడు ఆపలేదు.

తర్వాత నానమ్మ బతికినన్నాళ్లు ఎవరు పిలిచినా, పిట్ట కూసినా, "ఆఁ, వస్తున్న" అని పలికేది.

మొన్న మా పల్లెకు పోయి వచ్చిన. ఇప్పచెట్లు లేవు, జామాయిల్ తోటలు వరుసలు కట్టి నిలబడ్డయి, ఆ నేల మీద సీతాకోక కాదు గదా తూనీగ గూడ లేదు. నానమ్మ, నాయిన, అమ్మ అందరూ పోయిండ్రు. లచ్చిని కండ్లార చూసినోళ్లల్ల నేనొక్కదాన్నే మిగిలిన. ఆ తోటల నిలబడి గట్టిగ పిలుద్దామనుకున్న. నోరు రాలేదు. మళ్లా పలకకపోతే నేను తట్టుకోలేను.