బుచ్చిరాములు రెండో షిఫ్టు

నస్పూర్ కాలనీలో మా పక్క క్వార్టర్ బుచ్చిరాములుది. బొగ్గుబాయిలో ముప్పై ఒక్క ఏళ్లు పంపు నడిపి, పైపులు బిగించి, తొంభై ఆరులో రిటైరయ్యాడు. రిటైరైనవాళ్లలో కొందరు మంచం పడతారు, కొందరు మంచంలో కూర్చునే ఇంటిల్లిపాదినీ సాధిస్తారు. ఈయన ఆ రెండూ చెయ్యలేదు. కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

అలాగని దాన్ని నడపడం ఆయనకు రాదు. నడిపేది బిడ్డ బాలలక్ష్మి. మంచిర్యాలలో కోర్సు చేసింది. కరీంనగర్‌లో ఎవరో కొత్తది కొనుక్కుని తీసేసిన పాత కంప్యూటర్‌ని, దానితోపాటు చెవులు చిల్లులు పడేలా గరగరలాడే ప్రింటర్‌ని బస్సులో వేయించుకుని వచ్చారు. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే తెర మీద స్క్రీన్ సేవర్ వస్తుంది కదా, అందులో పైపులది పెట్టింది ఆ పిల్ల. నల్లటి తెర మీద ఒక పైపు మొదలై, మలుపు తిరిగి, పైకెక్కి, కిందికి దిగి, దాని పక్కనుంచి ఇంకోటి దూరి, చూస్తుండగానే తెరంతా నిండిపోతుంది. మొదటిసారి చూసిననాడు బుచ్చిరాములు చెప్పులు విడవడం కూడా మరిచి నిలబడ్డాడు.

"గీడ వాల్వేది? వాల్వు లేకుంట గింత లైను ఏసుడేంది?" అని తెరనే మందలించాడు.

ఇక రోజూ ఆ లైనుకు మేస్త్రీ ఆయనే. పైగా ఒక నియమం పెట్టాడు. బాయిలో లైను పడుతున్నప్పుడు జాయింటు బిగిసిందని ఫిట్టరు చెప్పేదాకా ఎవరూ పైపు మీద చెయ్యి వెయ్యకూడదట. ఇక్కడా అంతే. తెర నిండేదాకా "లైను పడ్తాంది, ముట్టకుండ్రి" అనేవాడు. బాలలక్ష్మి చేతులు వెనక్కి తీసుకునేది. నేను నవ్వితే ఉరిమి చూసేవాడు.

నేను పాఠాలు చెప్పే బడిలో మూడువందల అరవై ప్రోగ్రెస్ కార్డులు అచ్చు వెయ్యాల్సి వచ్చింది. మా హెడ్‌మాస్టర్ లింగమూర్తిగారిని బతిమాలి ఆ పని బాలలక్ష్మికి ఇప్పించాను. మంగళవారం పొద్దున తల్లిదండ్రుల మీటింగు. అప్పటికి అందితే పరీక్ష పేపర్లతో సహా బడి పనంతా ఇక ఆమెదే. అందకపోతే ఎప్పటిలా మంచిర్యాల దుకాణానికే. ఇంటి ముందు తన పేరుతో బోర్డు కట్టుకోవాలని ఆ పిల్ల ఎన్నాళ్లుగానో అనుకుంటోంది. ఆ బోర్డు ఈ కార్డుల మీదే ఆధారపడి ఉంది.

శుక్రవారం మొదలుపెడితే ఆదివారం పొద్దుటికి అయినవి తొంభై! ఆమె ముందు కూర్చుని టైపు చేస్తున్నంతసేపూ ప్రింటర్ బుద్ధిగా పరిగెత్తేది. వంటింట్లోకి పోయిందా, కునుకు తీసేది. అచ్చం మా తొమ్మిదో తరగతి. మెకానిక్‌కు ఫోన్ చేస్తే బుధవారం వస్తానన్నాడు.

నేను పోయి నాలుగు మాటలు అన్నాను. పాత డబ్బాను నమ్ముకుని హెడ్‌మాస్టర్ దగ్గర నా పరువు తీస్తున్నారన్నాను. అనకూడదు, అన్నాను. బాలలక్ష్మి కళ్లలో నీళ్లు తిరిగాయి, పొయ్యి మీద పప్పు చూడటానికి వెళ్లింది.

బుచ్చిరాములు లోపలికి పోయి పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒకటి తెచ్చాడు. దాని మొన ప్రింటర్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. బాయిలో పంపు బాగోగులు అలాగే వినేవారట. కళ్లు మూసుకుని విన్నాడు. ప్రింటర్ గడగడా కొడుతోంది. కాసేపటికి తెర మీద పైపులు మొదలయ్యాయి. ప్రింటర్ ఒక వరస కొట్టి ఆగింది. మళ్లీ ఒక వరస, మళ్లీ ఆగింది.

ఆయన కళ్లు తెరిచాడు. ఇంతకాలం ఎవర్నీ ముట్టనివ్వని మనిషి, ఒక్క వేలితో మౌస్ కదిపాడు. పైపులు మాయం. ప్రింటర్ పరుగు. చెయ్యి తీసి ఆగాడు. పైపులు వచ్చాయి, ప్రింటర్ నీరసించింది. మూడుసార్లు చూశాడు.

"సారూ, గిది ఒకటే మోటరు. రెండు లైన్లకు వాల్వులిప్పి కూసున్నం," అన్నాడు. "గా పైపులు గీసుడుకే దీని దమ్మంత పోతాంది. ఇగ కాయితానికేం మిగుల్తది?"

ఎవరూ లేనప్పుడు యంత్రం బొమ్మ పెట్టుకుని విశ్రాంతి తీసుకుంటుందనుకున్న చదువుకున్నవాణ్ణి నేను. నిజంగా సిగ్గేసింది.

"బిడ్డా, పైపులు బంద్ జెయ్యి," అని కేకేశాడు.

బాలలక్ష్మి గరిటె చేత్తోనే వచ్చింది. "నీకు గవంటే పానం గద బాపూ."

"నా పానం గట్లుండనియ్యి. ముందుగాల నీ లైనుకు నీళ్లు రావాలె."

సోమవారం మధ్యాహ్నానికి అన్నీ అయిపోయాయి. మంగళవారం లింగమూర్తిగారు కార్డులు తిరగేసి చూసి, పరీక్ష పేపర్ల కట్ట నా చేతిలో పెట్టారు. బాలలక్ష్మి గుమ్మానికి బోర్డు కట్టింది. అందరం సంతోషంగానే ఉన్నాం, కానీ బుచ్చిరాములు మాత్రం లోపల కూర్చోవడం మానేశాడు. బిడ్డ పని చేసుకుంటుంటే వాకిట్లో, బాగానే ఉన్న నల్లాను విప్పి మళ్లీ బిగిస్తూ కనిపించేవాడు. నాకు చూడబుద్ధి కాలేదు.

వారం తర్వాత ఇంకో కట్ట పట్టుకుని వెళ్లాను. కంప్యూటర్ పక్కన గోడకు ఒక కాగితం అంటించి ఉంది. ఆ ప్రింటర్ మీదే కొట్టింది. డ్యూటీ చార్టు. మొదటి షిఫ్టు, అచ్చుపని: బాలలక్ష్మి. రెండో షిఫ్టు, పైపులైను: బుచ్చిరాములు.

నాలుగు కాగానే ఆ పిల్ల ప్రింటర్ ఆపి కుర్చీలోంచి లేచింది. "బాపూ, షిఫ్టు మారింది."

ఆయన చేతులు కడుక్కుని వచ్చాడు. చార్టులో అక్షరాలన్నీ ఇంగ్లీషువే. ఇంగ్లీషులో ఆయనకు చదవొచ్చింది తన పేరొక్కటే, బాయి మీద చార్టులో ముప్పై ఒక్క ఏళ్లు చూసుకున్న పేరు. కూర్చోబోయేముందు దాని మీద వేలు పెట్టాడు.

"నౌకరి దిగిపోయినంక చార్టు మీద నా పేరెక్కుడు గిదే మొదలు సారూ," అన్నాడు.

తెర మీద మొదటి పైపు మలుపు తిరిగింది. నేను కట్టను కంప్యూటర్ పక్కన పెట్టబోయాను.

"ముట్టకు సారూ, లైను పడ్తాంది!"