పంతొమ్మిది ఖాళీ గళ్లు

పోయినవి లెక్క వేస్తే ఇవి: మా సంఘంలో ఒక సోదరి ఎడమ కాలి వేళ్లు రెండు. మా పరీక్ష బల్ల దగ్గరికి వచ్చే ముప్పై నాలుగు మందిలో పదకొండు మంది. ఆదివారం భోజనాల్లో ఆ సోదరి చేతి సేమ్యా పాయసం. నా పుస్తకంలో ఆమె పేరుకు ఎదురుగా పంతొమ్మిది గళ్లు.

విదేశంలో మేముండే బ్లాంచర్డ్స్‌టౌన్‌లో ఒక బడి హాలు అద్దెకు తీసుకుని మా తెలుగు క్రైస్తవ సంఘం ఆదివారం మధ్యాహ్నాలు ఆరాధన జరుపుకుంటుంది. సగం మంది నర్సులు, ముసలివాళ్లను కనిపెట్టుకునే కేరర్లు. వారమంతా పరాయివాళ్ల బీపీ చూస్తారు గాని తమది చూసుకోరు. అందుకని ఆరాధన అయ్యాక, భోజనాలకు ముందు, హాలు వెనక ఒక బల్ల వేశాం. సంఘంలోని ఒక నర్సు బీపీ, షుగర్ చూసేది. నేను రాసేవాణ్ణి. గోడౌన్‌లో సరుకు లెక్కలు చూసే మనిషిని, పదో తరగతితో చదువు ఆగినా అంకెలంటే భయం లేదు. మొదటి వారం ఎవరూ కుర్చీల్లోంచి లేవలేదు. పాస్టర్ గారే వచ్చి, అందరి ముందూ చొక్కా చేయి మడిచి కూర్చున్నారు. ఆ తరవాత వరుస కట్టారు.

ఇక్కడి మీటర్లు చూపే షుగర్ అంకె చిన్నది. ఆ సోదరికి 15.6 వచ్చింది.

"పదిహేనేగా అన్నయ్యా, గ్రాండ్!" అని, అంతా బాగున్నట్టే ఇక్కడివాళ్ల మాటలో అని నవ్వింది.

మన ఊరి లెక్కలోకి తేవాలంటే పద్దెనిమిదితో గుణించాలి. గుణించి చెప్పాను: రెండు వందల ఎనభై ఒకటి. ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఎవరికీ చెప్పకండి. జీపీ డాక్టర్ దగ్గరికి వెళ్తాను."

నేను ఎవరికీ చెప్పలేదు. ప్రార్థన మనవుల చీటీలో మాత్రం రాసి పాస్టర్ గారికి ఇచ్చాను. ప్రార్థన కోసం ఇస్తే చెప్పినట్టు కాదనుకున్నాను. అందరికీ తెలిసిన లెక్కలోనే, గుండ్రటి అక్షరాలతో రాశాను.

మరుసటి ఆదివారం ఆయన మైకులో ఆమె పేరు చదివి, "షుగర్ రెండు వందల ఎనభై ఒకటి. ప్రభువు ముట్టును గాక" అన్నారు. హాలంతా ఆమెన్ అంది.

భోజనాల దగ్గర ఒకావిడ ఆమె పాయసం గిన్నెలో గరిటె పట్టుకుని, "ఏం వదినా, రుచి చూసీ చూసీ పంచదారంతా ఒంట్లోకి ఎక్కించుకున్నావా?" అంది.

"నాకు వద్దులే అక్కా, అంటుకుంటుందేమో!" అని ఇంకొకరు.

నలుగురూ నవ్వారు. ఆమె గిన్నెకు మూత పెట్టి, నిండు గిన్నె ఇంటికి తీసుకెళ్లింది.

ఆ తరవాత ఆరాధనకు వచ్చేది, తలుపు పక్కన కూర్చుని, బల్ల వేసే లోపల వెళ్లిపోయేది. మరో పదిమంది కూడా బల్ల దగ్గరికి రావడం మానేశారు. ఇంకోసారి ఆ అంకె వినాల్సి వస్తుందని ఆమె జీపీ దగ్గరికీ వెళ్లలేదు. ముసలివాళ్లుండే నర్సింగ్ హోమ్‌లో రోజంతా నిలబడే పని. బూటు ఒరుసుకుని ఎడమ కాలి వేళ్లకు పుండైంది, షుగర్‌తో మొద్దుబారిన కాలికి నొప్పి తెలియలేదు. అలా పంతొమ్మిది ఆదివారాలు గడిచి, ఇరవయ్యో ఆదివారానికి ఆసుపత్రిలో ఉంది.

ఇంటికి వచ్చాక చూడ్డానికి వెళ్లాను. పుస్తకం పట్టుకెళ్లాను, ఎందుకో తెలీదు.

"తప్పు నాదమ్మా" అన్నాను.

"ప్రార్థనకే ఇచ్చారు, తెలుసు. కానీ ప్రార్థనకి అంకె ఎందుకన్నయ్యా? నా షుగరెంతో దేవుడికి తెలీదా?"

పుస్తకం తీసుకుని తన వరుస వెతికింది. ఖాళీ గళ్ల మీద వేలు జరుపుకుంటూ వెళ్లింది.

"ఇవన్నీ నావేనా? లెక్క తెలిసిన మనిషి కదా, వీటిలో ఇప్పుడేం రాస్తారు?"

పుస్తకం తిరిగి తీసుకుని మూశాను.

ఇప్పుడు ఆడవాళ్లకు తెర కట్టాం. అంకె మడిచిన చీటీలో రాసి, ఎవరిది వాళ్ల చేతికే ఇస్తాం. పాస్టర్ గారు పేర్లు లేకుండా ప్రార్థిస్తారు. పదకొండు మందిలో పదిమంది తిరిగి వచ్చారు. ఆమె జీపీ దగ్గరే చూపించుకుంటుంది. ఆరాధనకు వస్తుంది, పాయసం తేదు.

పుస్తకం నిండిపోయి కొత్తది మొదలుపెట్టాను. పాతది పారేయలేదు. ఆమెకు నేను ఇంకా బాకీ: పంతొమ్మిది.